పాలుపడ్డ ఫోర్మన్

ఓడ రేవుకు చేరినప్పుడు దాని మీంచి విసిరే మోకులు అందుకుని ఒడ్డునున్న ఇనుప దిమ్మలకు బిగించే గ్యాంగు ఒకటుంటుంది. కలకత్తాలో మెటియాబ్రుజ్ దగ్గర డాక్‌లో ఆ గ్యాంగుకు ఫోర్మన్ దయారత్నం. యాభై దాటిన మనిషి. తలుపు రెక్కంత ఛాతీ, కొసలు పైకి తిప్పిన మీసం. అతను "ఢీల్ దే!" అని ఒక్క కేక పెట్టాడంటే పైన కాఫీ తాగుతున్న పరాయిదేశపు కెప్టెన్ కూడా కప్పు కింద పెట్టి తాడు వదులు చేయించేవాడు. తాత భీమిలి నుంచి వచ్చి ఇదే రేవులో కూలికి కుదిరాడు. తండ్రి ఇదే రేవులో రిటైరయ్యాడు. దయారత్నం పోర్టు క్వార్టర్లలో పుట్టి, హిందీ బడిలో చదివి, బెంగాలీలో పోట్లాడి, తెలుగులో ప్రార్థన చేసుకునేవాడు. తెలుగు చర్చిలో సంఘపెద్ద. అతను కళ్ళెర్రజేస్తే కానుకల పళ్ళెం పట్టుకున్నవాళ్ళు కూడా తిన్నగా నడిచేవారు.

అలాంటి మనిషికి పాలు పడ్డాయి.

అదెలా జరిగిందో తెలియాలంటే ముందు అతని గ్యాస్ సంగతి తెలియాలి. కలకత్తాలో ఎవరినైనా బాగున్నారా అని అడిగితే పిల్లల గురించో ఉద్యోగం గురించో చెప్పరు, కడుపు గురించి చెబుతారు. పొద్దున అరగలేదనీ, మధ్యాహ్నం పులితేన్పులు వచ్చాయనీ, రాత్రికి ఉత్త మజ్జిగతో సరిపెట్టుకున్నామనీ. దయారత్నం కూడా ఈ ఊరి మనిషే కాబట్టి ఈ ఊరి కడుపే వచ్చింది. ఒక పెళ్ళిలో లూచీ పూరీలు, మాంసం మితిమీరి తిని గుండె పట్టేసిందనుకుని ఆస్పత్రికి పరిగెత్తితే, డాక్టరు నవ్వి, ఇది ఉత్త గ్యాసేనని ఒక మాత్ర రాసిచ్చాడు. రెండు వారాలు వాడి మానెయ్యమన్నాడు.

మానెయ్యమన్న ముక్క దయారత్నం చెవిలో పడలేదు. ఆ మాత్ర వేసుకున్న మర్నాడే కడుపు దూదిలా తేలికైపోయింది. క్వార్టర్ల మలుపులో నిమాయ్ దా అనే బెంగాలీ ఆయన మందుల దుకాణం ఉంది. చీటీ అడగని దుకాణం. నిమాయ్ దా కూడా అదే మాత్ర వేసుకునేవాడు. "పొద్దున్నే పరగడుపున ఒకటి పడితే దాదా, రోజంతా రాజులా ఉంటావు," అనేవాడు. దయారత్నం ఏళ్ళ తరబడి రాజులాగే ఉన్నాడు. పైగా, మంచిదేదైనా నలుగురికీ పంచాలన్నది అతని నమ్మకం. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మాత్రల అట్ట ఉండేది. గ్యాంగులో ఎవరు తేన్చినా వెంటనే ఒకటి చింపి చేతిలో పెట్టేవాడు. కొన్నాళ్ళకి గ్యాంగు గ్యాంగంతా అదే మాత్ర మీద పడింది. పాస్టర్ ప్రదీప్‌కుమార్ గారికి ప్రసంగం మధ్యలో తేన్పు వచ్చిందని ఆయనకీ ఒక పెట్టె కానుకగా ఇచ్చాడు.

మార్పు మెల్లగా వచ్చింది. మొదట గడ్డం బద్ధకించింది. రోజూ గీసుకోవలసినది రెండు రోజులకోసారి సరిపోయింది. తరువాత ఒళ్ళు బరువెక్కింది, పని పూర్తికాగానే కునుకు పట్టేది. ఇంకో సంగతి విజయ కుమారికి మాత్రమే తెలుసు. ఆమె దయారత్నం భార్య, పోర్టు బడిలో పిల్లలకు హిందీ చెబుతుంది. ఆరేడు నెలలుగా ఆయన పడక మీద ఆమె వైపు తిరిగి ప్రార్థన చేసుకుని, ఆమేన్ అని, గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. వయసు మీద పడి భక్తి ముదిరిందేమో అనుకుంది మొదట. ఆ తరువాత వేరే అనుమానం వచ్చింది. ఆమెకు కూడా అప్పుడే నెలసరి ఆగింది. ఒంట్లో ఆవిర్లు లేచి, ఫ్యాన్ కింద కూర్చుని, లోకంలో ఉన్న మగాళ్ళందరినీ అనుమానించే రోజులవి.

ఒక పొద్దున ఆమె స్నానాల గదిలో విడిచిన బనీను ఎత్తబోయి ఆగిపోయింది. గుమ్మం నుంచి బనీను దాకా చీమలబారు. బనీను మీద ఛాతీ దగ్గర రెండు చోట్ల గుంపులు కట్టి ఉన్నాయి.

"ఏటండీ ఇది? మళ్ళీ మిఠాయి కొట్టుకెళ్ళినారా? రసం బనీను మీద పోసుకుని నాకు తెల్దనుకున్నారేటి?"

"నానెక్కడ తిన్నాను? ఒట్టు, సందేశ్ ముట్టుకోనేదు."

"అయితే చీమలకి మీ మీద అంత పేమ ఎందుకో?"

దయారత్నం బనీను చీమలతో సహా బకెట్లో ముంచేశాడు. ఆ రోజు తలుపు వేసుకుని అద్దం ముందు నిలబడి, అనుమానంగా ఛాతీని ఒక పక్క వేలితో నొక్కి చూసుకున్నాడు. తెల్లటి చుక్క ఒకటి వచ్చి నిలిచింది. రెండో పక్క నొక్కాడు. అక్కడా వచ్చింది. ప్రభువా అని గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. చుక్కను వేలితో తీసి వాసన చూశాడు. మాటల్లో చెప్పుకోలేకపోయాడు గానీ అది పాలు తప్ప ఇంకొకటి కాదని అతనికి స్పష్టంగా తెలిసింది.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? తుపానులో తెగిన మోకును చేత్తో పట్టి ఆపిన మనిషని రేవంతా పేరు. దొడ్డిదారిన ఒక దర్జీ దుకాణానికి వెళ్ళాడు. మెటియాబ్రుజ్‌లో అడుగుకో దర్జీ ఉంటాడు, పెద్ద దర్జీని ఉస్తాగర్ అంటారు. ముసలి ఉస్తాగర్ టేపు మెడలో వేసుకుని ఏం కావాలన్నాడు.

"బనీను కావాలి చాచా. ఛాతీ కాడ దళసరి గుడ్డ. రెండు మడతలు. నీరు పీల్చేది."

ఉస్తాగర్ కళ్ళద్దాల మీంచి ఒకసారి ఛాతీని, ఒకసారి మీసాన్ని చూశాడు. "చెమటకా?"

"చెమటకే."

"రెండు చోట్లేనా చెమట?"

దయారత్నం పైకప్పు వైపు చూశాడు. ఉస్తాగర్ మెడలోంచి టేపు తీశాడు. పసిపిల్లల తల్లులకు కుట్టే కొలతే తీసుకుని, మగ బనీనులాగే కుట్టి ఇచ్చాడు. పనితనం గొప్పది. వర్షాకాలం వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

వర్షాలు మొదలయ్యాక ఒక ఆదివారం చర్చిలో హరీష్, మేరీరాణిల బిడ్డను దేవుడికి ప్రతిష్ఠించే ఆరాధన వచ్చింది. మేరీరాణి న్యూ టౌన్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు. హరీష్ పోర్టు గుమస్తా. సంఘపెద్ద బిడ్డను ఎత్తుకుని ముందుకు నడిచి పాస్టర్ గారికి అందించాలి. అది దయారత్నానికి ఇష్టమైన పని. ఆ రోజు తెల్ల చొక్కా వేసుకున్నాడు గానీ, ఉస్తాగర్ బనీను వానకి ఆరలేదు. మామూలు బనీనే వేసుకున్నాడు.

బిడ్డను చేతుల్లోకి తీసుకోగానే అది కెవ్వున ఏడ్చింది. నాలుగడుగులు వేసేసరికి ఏడుపు ఆపింది. ముక్కు అటూ ఇటూ తిప్పి, చొక్కా మీద వాసన పట్టి, మెడ సాచి, గుండీ పక్కన గుడ్డతో సహా గట్టిగా నోట పట్టింది. దయారత్నం నడక ఆగిపోయింది. ఒంట్లో ఏదో జలదరించి రెండు పక్కలా వెచ్చగా పొంగింది. తెల్ల చొక్కా మీద రెండు తడి వలయాలు లేచి, అందరి కళ్ళముందూ రూపాయి బిళ్ళంత నుంచి అప్పడమంత పెరిగాయి.

పాస్టర్ ప్రదీప్‌కుమార్ గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నారు. సంఘమంతా కళ్ళు మూసుకోవలసిన ఘట్టం. ఒక్కరూ మూసుకోలేదు. మేరీరాణి గబగబా వచ్చి బిడ్డను లాక్కోబోయింది. బిడ్డ వదల్లేదు. చొక్కా సాగింది. చివరికి ప్చక్ అని చప్పుడుతో విడిపోయి, అన్యాయం జరిగినట్టు మళ్ళీ కెవ్వుమంది.

"ఆమేన్," అన్నారు పాస్టర్ గారు, కళ్ళు తెరిచి. "ఏమైంది?"

ఏమైందో ముందు వరసలో కూర్చున్న అమ్మన్నమ్మ చెప్పింది. ఆవిడ సంఘంలో అందరికంటే పెద్దది, చెవులు సరిగా వినిపించకపోయినా కళ్ళు బాగా కనిపించేవి, ఆ వారం మాత్రం కళ్ళకలకతో ఎర్రగా ఉన్నాయి. లేచి నిలబడి చేతులెత్తింది. "పాలు! ఒరే దయా, నీకు పాలు పడ్డాయిరా నాయనా! ఎంత భాగ్యం! ఏ మగోడికి పడినాదిరా ఇలగ?"

దయారత్నం పక్క తలుపులోంచి వానలోకి వెళ్ళిపోయాడు. వాన అన్నిచోట్లా తడిపితే ఆ రెండు మరకలు కలిసిపోతాయన్నది అతని ఆలోచన. కానీ అప్పటికే సంఘమంతా చూసేసింది.

మధ్యాహ్నానికల్లా క్వార్టర్లన్నీ ఆ కబురు పాకింది. గండి పడితే నీళ్ళు పాకినంత వేగంగా. విజయ కుమారి ఇంటికి వచ్చి తలుపేసి, భర్త ఎదురుగా కూర్చుంది.

"ఏదీ, సూపించండి."

చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది. ఆ తరువాత ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోబోతే కన్నీళ్ళు వచ్చాయి. "నానింకా ఎవత్తో ఉందనుకున్నానండీ. ఇన్నాళ్ళూ దాన్ని పేరెట్టి తిట్టుకున్నాను. ఇదా సంగతి! ఇంట్లో ఒకరికి ఆగిపోయింది, ఇంకొకరికి మొదలయ్యింది."

"నవ్వకు విజయా. నాకిది కేన్సరేమో."

అప్పుడు ఆమె నవ్వు ఆగింది. రేపే డాక్టరు దగ్గరకు వెళ్దామంది. కానీ రేపు తెల్లారకముందే అమ్మన్నమ్మ వచ్చింది.

ఆ వానల్లో కలకత్తా అంతా కళ్ళకలక తిరుగుతోంది. ఇక్కడ దానికి జయ్ బంగ్లా అని పేరు. క్వార్టర్లలో ఇంటికి ఇద్దరు చొప్పున ఎర్రకళ్ళతో, నల్లద్దాలతో తిరుగుతున్నారు. అమ్మన్నమ్మ అరుగు మీద కూర్చుని తల వెనక్కి వాల్చి కన్ను తెరిచింది.

"ఒరే దయా, రెండు చుక్కలు వెయ్యి నాయనా. మా పుట్టింటికాడ కళ్ళకలక్కి చనుబాలే మందు. ఆడదాని పాలు ఎయ్యగానే తగ్గేది. మగాడి పాలయితే ఇంకెంత మహిమ ఉంటాది!"

"ఏటి మామ్మా నువ్వు! పో, ఇంటికి పో."

"నానెల్లను. సంఘపెద్దవి, ముసిల్దాని కంట్లో రెండు చుక్కలెయ్యలేవురా?"

ఆవిడ కన్ను మూయలేదు. కాకులు అరుస్తున్నాయి. దయారత్నం లోపలికి పోయి మంచం కింద ఉన్న పెట్టె సర్దడం మొదలుపెట్టాడు, అదేదో చాలా అవసరమైన పనైనట్టు. విజయ కుమారికి ఎటూ తోచక కాచి చల్లార్చిన నీళ్ళు చిన్న సీసాలో పోసి ఇచ్చి పంపేసింది. అమ్మన్నమ్మ అడిగిందల్లా చుక్కలే, ఎవరివని మళ్ళీ అడగలేదు. కళ్ళకలక ఎలాగూ దానంతటదే వారంలో తగ్గే జబ్బు. వారం తిరక్కముందే అమ్మన్నమ్మ కళ్ళు తేటపడ్డాయి. ఆవిడ ఆ సంగతి తన దగ్గరే ఉంచుకునే మనిషి కాదు.

మర్నాటినుంచి దయారత్నం ఇంటి ముందు వరస మొదలైంది. అందరూ నల్లద్దాలతో. తెలుగువాళ్ళు, బెంగాలీలు, బీహారీ జమాదారు ఒకడు, పక్క సందులోని ఇమామ్ గారి అల్లుడు. వానలో గొడుగులు వేసుకుని, నల్లద్దాలు పెట్టుకుని, మాట్లాడకుండా నిలబడిన ఆ మనుషుల్ని చూసి పోర్టు సెక్యూరిటీ వాడు ఇది ఏ పార్టీ ధర్నా అని అడిగి వెళ్ళాడు. డాక్టరు సంగతి వెనకబడిపోయి, విజయ కుమారి బడికి సెలవు పెట్టి నీళ్ళు కాచింది. ఎవరినీ మోసం చెయ్యకూడదని, ఇచ్చేటప్పుడు "ఇవి నీళ్ళు బాబూ, ఉత్త నీళ్ళు" అనేది. వాళ్ళు తలూపి, కన్ను కొట్టి, అది గుట్టుగా ఉంచాల్సిన సంగతి అని తమకు అర్థమైందన్నట్టు వెళ్ళేవారు.

రేవులో పరిస్థితి ఇంకా దారుణం. దయారత్నం "ఢీల్ దే" అని అరవగానే గ్యాంగులో ఎవడో సన్నగా "అంబా" అన్నాడు. ఎవడన్నాడో దయారత్నానికి తేలలేదు. అతను అందరినీ తేరిపార చూశాడు. ఎవరూ అతని ముఖం వైపు చూడటం లేదు, కాస్త కిందికి చూస్తున్నారు. పాతికేళ్ళలో మొదటిసారి ఓడ కడుతున్నప్పుడు అతని గొంతు పెగల్లేదు. మోకు సరిగ్గా బిగించకపోతే ఓడ ఒడ్డును కొట్టుకుంది. పెద్ద నష్టమేమీ కాలేదు. కానీ ఆ చప్పుడు అతని గుండెలో మోగింది.

మేరీరాణి ఆ సాయంత్రం బిడ్డను వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చింది. "అంకుల్, నేను నర్సుని. సిగ్గుపడకండి. మగాళ్ళకి కూడా ఇలా వస్తాది, ఇది హార్మోన్ గొడవ. మా హాస్పిటల్లో హార్మోన్ డాక్టరమ్మ ఉంది, మన తెలుగావిడే, వరంగల్. మీరు రండి," అంది. తరువాత కొంచెం ఆగి, "మా గుంట ఇప్పుడు ఎవరి చొక్కా చూసినా ఎగబడతన్నాది అంకుల్," అని కూడా అంది. దానికి దయారత్నం క్షమించమన్నాడు.

న్యూ టౌన్‌కు క్యాబ్‌లో వెళ్ళారు. గాజు గోడల ఆస్పత్రి, కింద బల్లల మీద గర్భిణులు, పిల్లలు పుట్టక తిరుగుతున్న జంటలు. ఆ మధ్యలో దయారత్నం మీసంతో, చేతులు కట్టుకుని ఛాతీ దాచుకుంటూ కూర్చున్నాడు. ముందు రక్తం ఇవ్వమన్నారు. గుచ్చే అమ్మాయి ప్రశాంతంగా అరగంట కూర్చోమంది, కంగారుపడితే ఈ హార్మోన్ ఇంకా పెరుగుతుందని. ప్రశాంతంగా ఉండకపోతే పెరుగుతుందన్న కంగారుతో అతనికి చెమటలు పట్టాయి. విజయ కుమారి పక్కన కూర్చుని నెమ్మదిగా కీర్తన పాడింది. అవతలి బల్ల మీద ఒక గర్భిణికి నిద్ర పట్టేసింది గానీ దయారత్నానికి పట్టలేదు.

ఫలితం సాయంత్రానికి వస్తుందన్నారు. సాయంత్రం ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. హిందీలో ఒక తియ్యటి గొంతు.

"దయారత్నం మేడమ్‌తో మాట్లాడాలి."

"నేనే."

"మేడమ్, జలుబు చేసినట్టుంది. మీ ప్రొలాక్టిన్ చాలా ఎక్కువ ఉంది. కంగారేం లేదు, పాలిచ్చే తల్లులకు ఇలాగే ఉంటుంది. బేబీకి ఎన్ని నెలలు?"

"నాకు బేబీ లేదు!" అని అరిచాడు దయారత్నం. రేవులో పోయిన గొంతు ఒక్కసారిగా తిరిగొచ్చింది.

"అయ్యో. సారీ మేడమ్. దేవుడు మళ్ళీ ఇస్తాడు," అని ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. ఆ గొంతులో నిజమైన బాధ ఉంది. దయారత్నం ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. ఎందుకో తెలియదు గానీ అతనికి కూడా కాస్త దుఃఖం వచ్చింది.

మర్నాడు డాక్టర్ కారుణ్య ముందు కూర్చున్నారు. ముప్పై ఐదు దాటని మనిషి, ముఖం మీద అలసట, అయినా తెలుగు వినగానే వెలిగిపోయింది.

"ఎన్ని దినాలాయె తెలుగులో పేషెంటును చూడక! ఏం పరేషాన్ కాకండి అంకుల్. ఛాతీల గడ్డ ఏం లేదు, నేను చూసిన. గడ్డం తక్కువ పెరుగుతున్నదా? ఒంట్లో సత్తువ లేనట్టు ఉన్నదా?"

"ఉంది."

"ఇంట్ల... ఆంటీతోని..." ఆమె ఆగి విజయ కుమారి వైపు చూసింది.

"పార్దన సేసి పడుకుంటారమ్మా," అంది విజయ కుమారి. "ఆరేడు నెల్లయ్యింది."

దయారత్నం మీసం నిమురుకున్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు. అందుకు అతను ఆమెకు జీవితాంతం రుణపడ్డాడు.

"చూడండి అంకుల్. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటది. అది ప్రొలాక్టిన్ అనే హార్మోన్ తయారుచేస్తది. బాలింతకు పాలు రావాలని చెప్పేది అదే. మీకూ ఉంటది, నాకూ ఉంటది, మగవాళ్ళకు కొంచెమే. ఎక్కువ కాకుండ మెదడు దాన్ని ఎప్పుడూ పట్టి ఉంచుతది. ఆ పట్టు తప్పితే ఇది పెరుగుతది. పెరిగిందంటే మగతనం హార్మోన్ను తొక్కేస్తది. గడ్డం తగ్గుడు, సత్తువ పోవుడు, కోరిక పోవుడు, ఆఖరికి పాలు వచ్చుడు. పట్టు ఎందుకు తప్పిందో అదే తెలవాలె. మీరు ఏం మందులు వాడుతున్నరు?"

"మందులా? ఏటీ వాడను. ఒంట్లో జబ్బు లేదు కదా."

"ఏవీ వాడరా?"

"ఏటీ లేదమ్మా. పొద్దున్న గ్యాస్ మాత్ర ఒకటి. అది మందు కాదు కదా."

చొక్కా జేబులోంచి అట్ట తీసి బల్ల మీద పెట్టాడు, గర్వంగానే. డాక్టర్ కారుణ్య దాన్ని తిప్పి చదివింది. కళ్ళు మూసుకుని తెరిచింది.

"ఎన్నేండ్ల నుంచి?"

"శానా ఏళ్ళు."

"అంకుల్, ఇందుల రెండు మందులున్నయి. ఒకటి పులుపు తగ్గిస్తది. రెండోది కడుపును తొందరగ కదిలిస్తది. గా రెండోదే మెదడు పట్టును వదిలిస్తది. మీ పాలకు కారణం ఇదే కావచ్చు. ఈ దినం నుంచి బంద్. నెల తర్వాత మళ్ళ రక్తం చూద్దాం. తగ్గకపోతే అప్పుడు తలకు స్కాన్ చేద్దాం. నాకైతే తగ్గుతదనే నమ్మకం."

దయారత్నం ముఖం పాలిపోయింది. కేన్సరని భయపడినప్పుడు కూడా అంతగా పాలిపోలేదు.

"ఆపేస్తే... గ్యాస్ వచ్చేస్తాది కదమ్మా."

"వస్తది."

"అంటే పాలు పోతే గ్యాస్. గ్యాస్ పోతే పాలు."

"దాదాపు గంతే."

అతను నిజంగానే ఆలోచనలో పడ్డాడు. కిటికీలోంచి మెట్రో పిల్లర్లు చూశాడు, పైకప్పు చూశాడు. ఏళ్ళుగా రాజులా బతికిన కడుపు. ఉస్తాగర్ బనీన్లు ఇంకో డజను కుట్టించుకుంటే గడిచిపోదా? విజయ కుమారి అతని మోచేతిని గట్టిగా గిల్లింది.

"ఏటాలోసిస్తన్నారు?"

"ఆపేస్తాను," అన్నాడు దయారత్నం.

డాక్టరమ్మ చెప్పిన మిగతావి చాలా నీరసమైన మాటలు. కొంచెం కొంచెం తినాలి, వేపుళ్ళు మానాలి, తిన్నాక నడవాలి, చనుబాల చుక్కలు కంట్లో వేయడం ఎవరికీ మంచిది కాదు. లేచేటప్పుడు ఆమె మామూలుగా అడిగింది: "ఈ మాత్ర మీ ఇంట్ల ఇంకెవరన్న వాడుతున్నరా?"

దయారత్నం లేవబోయినవాడు మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళ ముందు గ్యాంగు మొత్తం వరసగా నిలబడింది.

మర్నాడు టీ వేళ మోకులుంచే గోడౌన్లో గ్యాంగును పోగు చేసి తలుపు వేయించాడు. బయట ఓడ కూత పెడుతోంది. అతను మోకు చుట్ట మీద కూర్చుని, అవమానం మింగి, ఉన్నదున్నట్టు చెప్పాడు. శనగగింజ గ్రంథి గురించీ, పట్టు వదిలితే ఏమవుతుందో దాని గురించీ. చివర్లో, "ఆ మాత్ర నానే ఇచ్చినాను మీకందరికీ. తప్పు నాది. మీలో ఎవరికన్నా... ఏదన్నా... ఉంటే సెప్పండి," అన్నాడు.

అందరూ టీ గ్లాసుల్లోకి చూస్తున్నారు. రమణబాబు గ్యాంగులో అందరికంటే మొరటోడు. రెండు చేతుల్తో రెండు మోకులు లాగేవాడు. చర్చిలోంచి వచ్చిన కబురు విని అందరికంటే గట్టిగా నవ్వినవాడూ, రేవులో "అంబా" అన్నవాడూ వాడేనని అందరికీ తెలుసు. రమణబాబు గ్లాసు కింద పెట్టాడు.

"దయా దాదా, మా ఆవిడ నన్ను తాయెత్తులోడి కాడికి తీసుకెళ్ళింది."

"ఎందుకురా?"

"ఎందుకంటే ఏటి సెప్పీది? నడుముకి కట్టినాడు. పని సెయ్యలేదు."

ఆ మాటతో గండి తెగింది. ఒకడు భార్య పుట్టింటికి పోయిందన్నాడు. ఒకడు గడ్డం గీసే సామాను అమ్మేశానన్నాడు. ఒకడు బనీను పైకెత్తి, ఏమీ అనకుండా, దళసరి గుడ్డ రెండు మడతలుగా కుట్టి ఉన్న లోపలి పట్టీ చూపించాడు. ఉస్తాగర్ చేతిపని దయారత్నం వెంటనే గుర్తుపట్టాడు. ముసలాయన ఇతని సంగతి అతనికీ, అతని సంగతి ఇతనికీ చెప్పలేదు. దయారత్నం లేచి ఆ మనిషిని కౌగిలించుకున్నాడు. ఇద్దరి బనీన్లూ కాస్త తడిశాయి.

ఆ వారం గ్యాంగులో సగం మంది న్యూ టౌన్ బస్సెక్కారు. గర్భిణుల మధ్య బల్లల మీద మీసాలతో, తారు మరకలతో, చేతులు కట్టుకుని వరసగా కూర్చున్నారు. ఆఖరున తెల్ల కాలరు పెట్టుకుని పాస్టర్ ప్రదీప్‌కుమార్ గారు కూడా కూర్చున్నారు. ఒక పేషెంటును పరామర్శించడానికి వచ్చానని అందరికీ చెప్పారు. ఆ పేషెంటు ఎవరో ఎవరూ అడగలేదు. డాక్టర్ కారుణ్య తలుపు తెరిచి వాళ్ళను చూసి, మళ్ళీ తలుపు మూసుకుని, లోపల కాసేపు నవ్వుకుని, తిరిగి తెరిచిందని మేరీరాణి తరువాత చెప్పింది.

దయారత్నం నిమాయ్ దా దుకాణానికి వెళ్ళి చీటీ లేకుండా ఆ మాత్ర అమ్మొద్దని గొడవపెట్టుకున్నాడు. నిమాయ్ దా "నేను కూడా వేసుకుంటా కదా దాదా, నాకేం కాలేదే," అని వాదించాడు. వాదిస్తూ వాదిస్తూ మాట నెమ్మదించి, చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా గుండీ దగ్గరకు వెళ్ళింది. కాసేపు అక్కడే ఉండిపోయింది. "భోద్రలోక్‌కి, మర్యాదస్తులకి, ఎవరికీ చెప్పకు," అన్నాడు చివరకు. ఆ అట్టలు షెల్ఫు మీంచి లోపలి గదికి పోయాయి.

నెల తిరిగేసరికి దయారత్నం రక్తంలో అంకె సగానికి పైగా పడింది. ఇంకో నెలకి మామూలైంది. పాలు ముందే ఇంకిపోయాయి. గడ్డం తిరిగి మొండికెత్తింది. రమణబాబు భార్య గోడౌన్ దాకా వచ్చి అందరికీ బూందీ పంచింది, ఎందుకో చెప్పలేదు. అమ్మన్నమ్మ ఒక్కతే కోపం తెచ్చుకుంది. దేవుడిచ్చిన దాన్ని డాక్టరుకిచ్చి పోగొట్టుకున్నాడని, అతని పాలు మళ్ళీ పొంగాలని ఆదివారం ఆరాధనలో బిగ్గరగా ప్రార్థించింది. పాస్టర్ గారు ఆ ప్రార్థనకు ఆమేన్ చెప్పలేక దగ్గారు.

గ్యాస్ మాత్రం వచ్చింది. మొత్తం గ్యాంగుకు ఒకేసారి వచ్చింది. ఓడ కట్టే వేళ తేన్పులు ఒక వరసలో లేచేవి. గ్రీకు ఓడ కెప్టెన్ ఒకడు ఇది ఏదో స్థానిక సంకేతమనుకుని తన మనుషుల చేత కూడా బదులు చెప్పించాడట.

డాక్టరమ్మ చెప్పినట్టు రాత్రి భోజనం చీకటి పడకముందే ముగించి భార్యాభర్తలు నడకకు వెళ్ళడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం నడుస్తూ నడుస్తూ రేవు దాకా వచ్చి, ఊరికే, అవతలి ఒడ్డుకి ఫెర్రీ ఎక్కారు. నీళ్ళ మీద గాలి చల్లగా ఉంది. హుగ్లీ మీద ఇటుకల పడవ ఒకటి బరువుగా పోతోంది. దయారత్నం నాలుగుసార్లు తేన్చాడు. పక్కన కూర్చున్న బెంగాలీ ముసలాయన సానుభూతిగా జేబులో చెయ్యి పెట్టి ఒక తెల్లటి మాత్ర తీశాడు.

"వేసుకోండి. చాలా బాగా పనిచేస్తుంది."

దయారత్నం ఆ మాత్ర వైపు ఆశగా చూశాడు. విజయ కుమారి అతని వైపు చూసింది.

"ఒద్దు దాదా," అన్నాడు దయారత్నం. ఆ పైన ముసలాయన వైపు జరిగి, గొంతు తగ్గించి, చాలా మర్యాదగా బెంగాలీలో అడిగాడు: "మీరు రోజూ గడ్డం గీసుకుంటారా?"

ముసలాయన కాస్త ఆలోచించాడు. ఆలోచించే కొద్దీ ఆయన ముఖం మారసాగింది. ఫెర్రీ అవతలి ఒడ్డుకు చేరేలోగా చెప్పాల్సింది చాలా ఉందని దయారత్నం తన పక్కన చోటు చేసి కూర్చోబెట్టుకున్నాడు. విజయ కుమారి చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని నీళ్ళ వైపు తిరిగి, ఎవరికీ కనబడకుండా నవ్వుకుంది.